ఎండయు నీడయు ఒక్క పటమున
(రజతోత్సవ సభలో చేయబడిన ఉపన్యాసము)



ఊరిలో పెండ్లి జరిగినను, జాతర జరిగినను, గ్రంథాలయమునకు వార్షికోత్సవము జరిగినను కడకు మిగులునది ఒక ఛాయాచిత్రము. దానిని చూచి జనులు సామాన్యముగా అను మాట యొకటి కలదు: "మనిషి మసిబొగ్గువలె పడినాడు" అని. వసారాలో ఇంటి పెద్ద నిలుచున్నాడు. ఆయన వెనుక వీధిలో మిట్టమధ్యాహ్నపు ఎండ. కంటికి ఆయన ముఖమును కనబడినది, వీధియు కనబడినది. చిత్రమున మాత్రము వీధి కనబడినచో ముఖము లేదు, ముఖము కనబడినచో వీధి సున్నపు గోడవలె తెల్లబోయినది. తప్పు ఫోటోగ్రాఫరుదని కొందరు, కెమెరాదని కొందరు అందురు. నిజమునకు అది ఎవరి తప్పును కాదు. వెలుగునకును కాగితమునకును కుదరని లెక్క యొకటి అచ్చట ఉన్నది. ఆ లెక్కను కుదుర్చుటకు నూట అరువది ఏండ్లకు పైగా మనుష్యులు పడిన పాటును, నేడు కెమెరా చేతబట్టిన యువకుడు ఎచ్చట ఆరంభింపవలెననునదియు ఈ ఉపన్యాసమునకు విషయము.

ముందుగా లెక్క. వెలుగును కొలుచుటకు లక్సు అను మానము కలదు. మంచి ఎండవేళ నేలపై పడు వెలుగు సుమారు 1,00,000 లక్సులు. నిండు పున్నమినాటి వెన్నెల ఒక లక్సులో నాల్గవ వంతు మాత్రమే. అనగా రెంటికిని నడుమ నాలుగు లక్షల రెట్ల భేదము. మనుష్యుని కన్ను ఈ రెండింటిలోను పనిచేయును. ఒక్కసారిగా కాదు, సర్దుకొని పనిచేయును. ఎండలో నుండి చీకటి గదిలోనికి వచ్చినవాడు గడప దాటి క్షణకాలము తడుముకొనును, తరువాత కుంచమును, కుండను, మూలనున్న చాపను గుర్తించును. పైగా కన్ను ఒక దృశ్యమును ఒకేసారి చూడదు. ముఖముపై నిలిచినపుడు ముఖమునకును, వీధివైపు మరలినపుడు వీధికిని సర్దుకొనుచు, ఆ రెండు చూపులను మనస్సున ఒకటిగా కూర్చుకొనును. కెమెరా కట్లు చేయదు. షట్టరు ఒకసారి తెరచి మూసినంతలో దాని చూపు ముగిసినది.

ఇక కాగితము. మంచి నునుపు ఛాయాచిత్రపు కాగితముపై మిక్కిలి తెల్లని చోటునకును మిక్కిలి నల్లని చోటునకును భేదము సుమారు నూరు రెట్లు. గరుకు కాగితమునకు అంతకంటె తక్కువ, వార్తాపత్రిక కాగితమునకు మరియు తక్కువ. వసారా దృశ్యములో వేల రెట్ల భేదమున్నది. వేయి బస్తాల ధాన్యమును నూరు బస్తాల కొట్టులో పోయుమన్నట్లున్నది ఈ పని. కొంత నేలపాలు కావలెను, లేదా ధాన్యమునే మరియొక రూపమున కుదింపవలెను. ఈ భేదమునకే డైనమిక్ రేంజి అని పేరు. తెలుగున కాంతివ్యాప్తి యనవచ్చును.

ఈ చిక్కు ఛాయాచిత్రకళతోనే పుట్టినది. ఆనాటి గాజు పలకలకు నీలిరంగు మిక్కిలి త్వరగా అంటెడిది. కావుననే 19వ శతాబ్దపు ప్రకృతి దృశ్యములు పెక్కింటిలో ఆకాశము వట్టి తెల్లకాగితము. ఫ్రాన్సు దేశమున గుస్తావ్ లెగ్రే అను ఛాయాచిత్రకారుడు 1850 తరువాతి సంవత్సరములలో సముద్రమును చిత్రింపబూని, ఒకే పలకపై మబ్బులును అలలును నిలువవని గ్రహించెను. అతడు ఆకాశమున కొక నెగటివును, నీటి కొక నెగటివును వేర్వేరుగా తీసి, రెంటిని దిగంతరేఖ వద్ద కలిపి ఒకే కాగితముపై అచ్చొత్తెను. 1857లో సేత్ రేవు వద్ద తీసిన పెద్ద అల చిత్రము అట్టిది. నేడు కంప్యూటరు చేయు పనికి మూలసూత్రము అప్పుడే దొరికినది: ఒక చూపున ఇమడనిదానిని రెండు చూపులుగా తీసి కలుపుట.

1890లో ఇంగ్లండులో రసాయన పరిశ్రమకు చెందిన హర్టరు, డ్రిఫీల్డు అను ఇద్దరు, పలకపై పడిన వెలుగునకును అచ్చట ఏర్పడిన నలుపునకును గల సంబంధమును కొలిచి గీతగా గీసిరి. ఆ గీత మొదటను చివరను వంగి, నడుమ మాత్రము నిటారుగా సాగును. నడిమి భాగము చెప్పు సాక్ష్యమే నమ్మదగినదని దాని సారాంశము. ఈ మాట మరల అవసరపడును.

తరువాతి కథలో కొంత నిలువదగిన చోటు అమెరికా ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్సుది. ఆయన యౌవనమున పియానో నేర్చిన సంగీతజ్ఞుడు. ఫ్రెడ్ ఆర్చరు అను సహచరునితో కలిసి 1940 ప్రాంతమున, దృశ్యములోని వెలుగులను కటిక నలుపు మొదలు శుద్ధమైన తెలుపు వరకు కొన్ని మెట్లుగా విభజించి, ఏ వస్తువు ఏ మెట్టుపై కూర్చుండవలెనో షట్టరు నొక్కుటకు ముందే నిశ్చయించు పద్ధతిని ఏర్పరచెను. దానినే జోన్ పద్ధతి యందురు. 1941లో న్యూ మెక్సికోలోని హెర్నాండెజ్ అను పల్లెపై చంద్రోదయమును చూచి ఆయన కారు ఆపెను. స్మశానములోని తెల్లని శిలువలపై వెలుగు ఇక నిలువదు. వెలుగును కొలుచు మీటరు సామానులో ఎక్కడనో పడి దొరకలేదు. చంద్రబింబపు కాంతి యెంతో ఆయనకు కంఠస్థము. దానినిబట్టి లెక్క కట్టి ఒక్క నెగటివు తీసెను, రెండవది తీయునంతలో వెలుగు పోయినది. ఆ ఒక్క నెగటివునుండి ఆయన తన జీవితకాలమున వేయికి పైగా ప్రతులు తీసెను. తొలి ప్రతులలో ఆకాశము లేత బూడిద, మబ్బులును కలవు. ఏండ్లు గడచినకొలది ఆకాశమును నల్లగా చేయుచు పోయెను. నెగటివు మారలేదు, దానిని చదివిన తీరు మారినది. ఒకే కీర్తనను ఒకే విద్వాంసుడు ముప్పది ఏండ్లనాడు పాడినట్లు అరువది ఏండ్లనాడు పాడడు గదా.

చీకటిగదిలో ఆయన చేసినది మన పట్టణములలోని స్టూడియోవారికి తెలియని పని కాదు. ఎన్లార్జరు క్రింద కాగితముపై వెలుగు పడుచుండగా, నల్లబడు ముఖముపై అరచేతిని ఆడించి వెలుగును ఆపుటయు, తెల్లబోవు పంచెపై మరికొంతసేపు వెలుగును పడనిచ్చుటయు వారు నిత్యము చేసినదే. దానికి వారు శాస్త్రమును చెప్పలేదు, చేతివాటము అనిరి. ఈ చేతివాటమునకు పెట్టిన గణితరూపమే తరువాతి కాలపు టోన్ మాపింగు.

అణుబాంబు పరీక్షలను చిత్రించుటకై అమెరికాలో చార్లెస్ వైకాఫ్ అను శాస్త్రజ్ఞుడు మూడు పొరల ఫిల్మును నిర్మించెను. ఒక పొర మిక్కిలి చురుకైనది, ఒకటి మధ్యమము, ఒకటి మిక్కిలి మందము. మూడును కలిసి పది కోట్ల రెట్ల భేదమును పట్టగలిగెను. విధ్వంసమును కొలుచుటకు పుట్టిన నేర్పు పెండ్లిపందిటికి వచ్చుటకు అర్ధశతాబ్దము పట్టినది.

డిజిటల్ కెమెరాలు వచ్చిన పిమ్మట 1995లో స్టీవ్ మాన్, రోజలిండ్ పికార్డు అనువారు వేర్వేరు ఎక్స్‌పోజరుల చిత్రములను కలిపి కాంతివ్యాప్తిని పెంచు మార్గమును ప్రకటించిరి. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్లీ శాఖనుండి పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ అను ఇద్దరు దానిని అందరి చేతికి అందు రూపమున చెప్పిరి. మాలిక్ మధురలో పుట్టి కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివినవాడు. వారు స్టాన్‌ఫర్డు ప్రార్థనామందిరపు లోపలి భాగమును పదునారు చిత్రములుగా తీసిరి. మొదటిదానికి 30 సెకనులు, చివరిదానికి సెకనులో వేయవ వంతు. కాలములోనే ముప్పదివేల రెట్ల భేదము. మొదటిదానిలో చీకటి మూలలోని చెక్కడము కనబడును, అద్దపు గవాక్షము తెల్లని మరక. చివరిదానిలో గవాక్షపు రంగులు కనబడును, తక్కినదంతయు చీకటి.

ఈ పదునారింటిని కలుపుట ఎట్లు? గ్రామ చావడిలో సాక్షులను విచారించునట్లు. ప్రతి చిత్రమును ఒక సాక్షి. తెల్లబోయిన చోటును గూర్చియు, నల్లబడిన చోటును గూర్చియు ఆ సాక్షి మాట చెల్లదు. నడిమి వెలుగులలో అతడు చెప్పినదానికి విలువ ఎక్కువ. హర్టరు, డ్రిఫీల్డుల గీత బోధించినది ఇదే. నమ్మదగిన అంకెను ఆ చిత్రపు ఎక్స్‌పోజరు కాలముచే భాగించినచో ఆ చోటి అసలు వెలుగు వచ్చును. అందరి మాటలను తూకము వేసి సగటు తీసినచో దృశ్యములోని ప్రతి బిందువునకు నిజమైన వెలుగు లెక్క సిద్ధించును. ఇది చిత్రము కాదు, వెలుగు యొక్క అడంగలు. దీనినే హెచ్.డి.ఆర్. ఫైలు అందురు. దీనిని ఉన్నదున్నట్లు మామూలు తెరపై చూపుటకు గాని, కాగితముపై అచ్చొత్తుటకు గాని వీలులేదు. జనులు హెచ్.డి.ఆర్. చిత్రమని చూపించునది ఆ అడంగలునుండి కుదించి తీసిన మామూలు చిత్రము. టెలివిజను పెట్టెపై కనబడు హెచ్.డి.ఆర్. అను అక్షరముల సంగతి వేరు. అచ్చట తెరయే అధికమైన వెలుగును చూపగలదు.

కనుక పని రెండు భాగములు: సేకరించుట, కుదించుట. మొదటిది కొలత, రెండవది వివేకము. ఆరంభకులకు కలుగు చిక్కులలో అధికభాగము ఈ రెంటిని ఒకటిగా తలచుటవలన వచ్చును.

సేకరణకు లేపాక్షిని ఉదాహరణముగా తీసికొనవచ్చును. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరుపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన వీరభద్రాలయమది. నాట్యమండపపు కప్పుపై వర్ణచిత్రములు కలవు. కొన్నిచోట్ల పెచ్చులూడి, కొన్నిచోట్ల మసకబారి, ఉన్నది రానురాను తరుగుచున్నది. వ్రేలాడు స్తంభము క్రింద గుడ్డ దూర్చి చూచి మరలిపోవువారే మెండు, తలయెత్తి కప్పును చూచువారు కొందరే. అచ్చట స్తంభముల నడుమ బయటి ఎండ భగ్గుమనుచుండును, కప్పు చీకటిలో నుండును. ఫ్లాషు వాడరాదను నియమమును మీరినను ఫలము లేదు; అది దగ్గరి స్తంభమును వెలిగించి కప్పును చీకటిలోనే విడుచును. రక్షిత కట్టడములలో ముక్కాలి స్టాండు నిలుపుటకు పురావస్తుశాఖ వారి అనుమతి కావలెను. అనుమతి లేనివాడు కెమెరాను నేలపై వెల్లకిల పరుండబెట్టవచ్చును. కప్పును చూచుటకు అంతకంటె నిలకడయైన పీఠము లేదు. క్రింద మడచిన తువ్వాలు చాలును.

తరువాత కెమెరాను మాన్యువల్ పద్ధతికి మార్చి, అపర్చరును ఎఫ్ 8 వద్దను, ఐ.ఎస్.ఓ.ను 100 వద్దను స్థిరముగ నిలుపవలెను. ఫోకసు ఒకసారి కుదిర్చి కదలకుండ ఉంచవలెను. రంగుల సర్దుబాటును కూడ కెమెరా ఇష్టమునకు విడువరాదు. మారదగినది షట్టరు కాలమొక్కటే. అపర్చరును మార్చినచో వెలుగుతోపాటు చిత్రపు లోతును మారును, అప్పుడు సాక్షులు వేర్వేరు దృశ్యములను గూర్చి చెప్పినవారగుదురు. చిత్రములను జేపెగ్ రూపమున గాక రా రూపమున దాచవలెను. జేపెగ్‌లో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే. పదునాలుగు బిట్ల రా ఫైలులో 16,384 మెట్లు.

ఎన్ని చిత్రములు తీయవలెనని అడుగుదురు. దానికి దృశ్యమే సమాధానము చెప్పును. స్తంభముల నడుమ ఎండవైపు మీటరు చూపినపుడు సెకనులో 500వ వంతనియు, చీకటి మూలవైపు చూపినపుడు అరసెకననియు వచ్చినదనుకొనుడు. నడుమ 250 రెట్ల భేదము. వెలుగు రెట్టింపైన ప్రతిసారియు ఒక స్టాపు. కావున ఇది ఎనిమిది స్టాపులు. రెండేసి స్టాపుల అంతరముతో 1/500, 1/125, 1/30, 1/8, 1/2 అని ఐదు చిత్రములు చాలును. వేలితో నొక్కినచో కెమెరా కదలును. రెండు సెకనుల టైమరు పెట్టి చేయి తీసివేయవలెను. ఎవరైన నడచుచున్నచో ఆగవలెను, లేనిచో కలిపిన చిత్రమున ఆయన మూడు చోట్ల దయ్యమువలె కనబడును. గాలికి ఊగు కొబ్బరి మట్టలకును ఇదే గతి.

ఒక మాట. నేటి మంచి కెమెరా సెన్సారు ఒక్క రా ఫైలులోనే 12 నుండి 14 స్టాపులు పట్టును. వసారాలోని పెద్దాయనకు ఐదు చిత్రములు అక్కరలేదు. వీధి తెల్లబోకుండ ఒక్కటి తీసి, నీడలను తరువాత పైకెత్తిన చాలును. నీడలో దాగినది కొంత మచ్చలతోనైన తిరిగి వచ్చును. తెల్లబోయినది ఎన్నటికిని రాదు.

ఇక కుదింపు. దీనికి 2002లో రైన్‌హార్డు, ఆయన సహచరులును చెప్పిన సూత్రము చిన్నపిల్లలకును అర్థమగును. ఆడమ్సు జోన్ పద్ధతినే వారు ఆధారముగా గైకొనిరి. ఒక చోటి వెలుగును, ఆ వెలుగునకు ఒకటి కలిపిన మొత్తముచే భాగింపవలెను. ఒకటి ఉన్నచోట అర వచ్చును, తొమ్మిది ఉన్నచోట పదింట తొమ్మిది, తొంబదితొమ్మిది ఉన్నచోట నూట తొంబదితొమ్మిది. ఎంత గొప్ప వెలుగైనను ఒకటిని దాటదు. పదింట ఒక వంతు ఉన్న నీడ మాత్రము ఇంచుమించు అట్లే నిలుచును. ఆదాయపు పన్నువంటిదిది: పేదవానిని తాకదు, ధనికుని ఎక్కువగా కుదించును. అయినను పన్ను కట్టిన పిమ్మట కూడ ధనికుడు ధనికుడే. వెలుగుల వరుస తప్పలేదు.

చిత్రమంతటికి ఇట్లు ఒకే నియమమును వర్తింపజేసినచో వరుస నిలుచును గాని, చెక్కడపు సొంపు కొంత చప్పబడును. అందుచే ఒక్కొక్క చోటును దాని ఇరుగుపొరుగుతో పోల్చి సర్దు పద్ధతులు వచ్చినవి. కన్ను చేయునదియు ఇదియే గనుక ఈ పద్ధతి అన్యాయము కాదు. అపాయము అచ్చటనే యున్నది. మీట కొంచెము ఎక్కువ త్రిప్పినచో స్తంభముల అంచుల చుట్టు దేవతామూర్తి వెనుక ప్రభామండలమువంటి తెల్లని గీత వెలయును. మబ్బులు మసిపట్టిన పొగవలె నగును. నీడలోని గోడ ఎండలోని ఆకాశముకంటె ప్రకాశించును. అప్పుడు పన్ను కట్టిన ధనికుడు బిచ్చమెత్తినట్లయినది. 2005 తరువాత కంప్యూటరు సాధనములు చవుకయి ఇట్టి చిత్రములు లోకమంతట వెల్లువయి, హెచ్.డి.ఆర్. అన్నచో అతిశయోక్తియను అపవాదు వచ్చినది. అపవాదు పూర్తిగ అన్యాయము కాదు. పెద్దల ముఖములలోని ముడుతలను ఎండిన చెరువు నెర్రెలవలె చేసిన చిత్రములు నేటికిని పెండ్లి ఆల్బములలో కనబడుచున్నవి.

లేపాక్షి కప్పు విషయమున ఇది అందము మాటయే కాదు. ఊడిన పెచ్చు అంచున ప్రభ ఏర్పడినచో అది రంగో, గోడ సున్నమో తరువాతివాడు తెలిసికొనలేడు. శివునిపై వెలసిన ఎరుపును మీట త్రిప్పి నిండు ఎరుపు చేసినచో, అది చిత్రకారుడు వేసిన ఎరుపని చదువరి భ్రమించును. దస్తావేజు కొరకు తీసినచో మొదటి పద్ధతియే మేలు; గోడకు కట్టుకొనుటకైనచో చేతివాటము చూపవచ్చును. రెండు ప్రతులు వేర్వేరుగా తీయుట ఉత్తమము.

ఇన్ని మీటల తగవు వలదనువారికి 2007లో మెర్టెన్స్, ఆయన సహచరులు చెప్పిన ఎక్స్‌పోజర్ ఫ్యూజను అను సులువు మార్గము కలదు. అందు అడంగలు వ్రాయు పని లేదు. ప్రతి చిత్రమునుండి చక్కగా పడిన భాగములనే ఏరి అతుకులు తెలియకుండ కలుపుదురు. లెగ్రే చేసినదే, కత్తిరింపు రేఖ లేకుండ. ఫలితము సాధారణముగా సాధువుగా ఉండును. ఆరంభకుడు దీనితో మొదలుపెట్టుట మంచిది. లూమినెన్స్ హెచ్.డి.ఆర్. వంటి ఉచిత సాధనములతో తక్కిన పద్ధతులను పిమ్మట అభ్యసింపవచ్చును.

జేబులోని ఫోను సంగతి. 2010లో ఐఫోనులో ఈ సదుపాయము చేరినది. 2016లో గూగుల్ శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి మరియొకటి: వేర్వేరు ఎక్స్‌పోజరులకు బదులు, తెల్లబోకుండ చాలినంత తక్కువ వెలుగుతో అనేక చిత్రములను గబగబ తీసి, పేర్చి, సగటు కట్టి, నీడలలోని మచ్చలను తొలగించుట. చేయి వణకినను కుదురును. నేడు ఫోను నొక్కినవారందరును తమకు తెలియకయే హెచ్.డి.ఆర్. తీయుచున్నారు. వసారాలోని పెద్దాయన ముఖము వచ్చినది, వీధియు వచ్చినది. కాని కుదింపు ఎంతయో ఫోను నిశ్చయించినది. దీపావళినాటి రాత్రి పగటివలె వచ్చినపుడును, గర్భాలయపు నూనెదీపపు మసక కరగిపోయినపుడును ఆ నిశ్చయము తప్పని చూచినవాడు గుర్తించును. ఫోనులలో పెక్కింటిలో తెరపై వ్రేలుంచి వెలుగును క్రిందికి లాగు వీలున్నది. నొక్కుటకు ముందే ఆ పని చేయవలెను.

ఊరి గుడి, చెరువు, రచ్చబండ, పాత మిద్దెల దూలములపై చెక్కడములు, ఇట్టివానిని తీయబూనిన యువకులు కుదించిన చిత్రమును మాత్రమే దాచి, మూలచిత్రములను చెరిపివేయుచున్నారు. చోటు చాలదందురు. ఐదు రా ఫైళ్ళు పట్టు చోటు మిక్కిలి స్వల్పము. వానితోపాటు ఒక చిన్న కాగితముపై తేదీ, వేళ, ఎండ ఏ దిక్కున ఉన్నది, ఐదు షట్టరు కాలములు, కుదించుటకు వాడిన పద్ధతి వ్రాసి ఉంచవలెను. ఒక ప్రతి ఇంటను, ఒక ప్రతి గ్రంథాలయపు బీరువాలోను ఉండవలెను. నేటి కుదింపు రేపటివానికి నచ్చకపోయినచో, అతడు ఆ ఐదింటిని ముందు పెట్టుకొని ఆడమ్సువలె మరల మొదటినుండి తీసికొనును.